బ్రాడీపేటలో నాయన కట్టిన ఇల్లు

గుంటూరు,
19-3-1963

అమ్మకు,

కొడుకు జాన్ బాషా సలాములు. ఇక్కడ నేను, నీ కోడలు జానీబీ, పిల్లలు దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. సింగరాయకొండలో నువ్వు, చెల్లెలు, బావగారు, పుట్టిన బిడ్డ క్షేమమని తలుస్తాను. చెల్లీ జైతున్, ఈ ఉత్తరం నువ్వే అమ్మకు చదివి వినిపించు. బావగారి చేత చదివించవద్దు. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

అమ్మా, పోయిన ఉత్తరంలో నువ్వు అడిగించినవాటికి ముందు జవాబు రాస్తాను. జానీబీ దగ్గు తగ్గలేదు. కొత్త మిర్చి బళ్లు పొద్దుటినించీ మన వీధిలోంచే కొట్లకు పోతున్నాయి. తలుపులు వేసుకున్నా ఘాటు ఆగడం లేదు. మిరియాల కషాయం తాగిస్తున్నాను. పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్నారు. పుట్టిన నీ మనవరాలికి నా పేరు కలిసేలా పేరు పెట్టమన్నానని చెల్లెలు నవ్విందట, నవ్వనియ్యి. నీ మోకాళ్ల నొప్పి సంగతి మాత్రం నువ్వు ఒక్క ముక్కా రాయించలేదు.

ఇక మనం కొనాలనుకున్న బ్రాడీపేట ఇంటి విషయం. మెట్లు ఎత్తా అని అడిగావు. మూడే మెట్లు, నువ్వు ఎక్కగలవు. బావి నీళ్లు తియ్యగానే ఉన్నాయి, చేదతో తోడి తాగి చూశాను. మూడేళ్లవాణ్ణి నన్ను ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టి నువ్వు తట్టలు మోసిన ఆ వెనక వసారా అలాగే ఉంది. నాయన గానుగ సున్నంలో కోడిగుడ్డు సొన కలిపి, వారం రోజులు రాయిపెట్టి రుద్దిన గచ్చు ఇప్పటికీ అద్దంలా ఉంది. చెప్పులు విడిచి అడుగుపెడితే అరికాళ్లకు చల్లగా తగిలింది. దూలాలకు చెద ముట్టలేదు. కొడుకుగా కాదు, మేస్త్రీగా చెబుతున్నాను, ఇంకో యాభై ఏళ్లు ఆ ఇంటికి ఢోకా లేదు.

మరి బేరం కుదిరిందా అంటావు. లేదమ్మా. ఆ ఇల్లు వేరేవాళ్ల పాలయింది.

ఇల్లుగలాయన చెంచురామయ్యగారు ఊళ్లో లేడని సంక్రాంతి ముందు నీకు రాశాను. అది అబద్ధం. ఆయన ఊళ్లోనే ఉన్నాడు. అన్నదమ్ముల వాటాలు తేల్చుకోవడానికి ఇల్లు అమ్మకానికి పెట్టాడు. బ్రోకరు చేత అడిగిస్తే సాయిబులకు ఇవ్వనని కబురు చేశాడు. ఇరుగుపొరుగువాళ్లు ఒప్పుకోరట. అది నీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

యలమందయ్య నీకు తెలుసు గదా, నాతో చదువుకున్న పెదకాకాని వాడు, మిర్చి వ్యాపారం చేస్తాడు. వాడి గోడౌను కట్టింది నేనే. సంగతి విని వాడే ఒక దారి చెప్పాడు. కొనేవాడు తనేనని చెబుతాడట. నేను తన మేస్త్రీగా వెళ్లి ఇల్లు చూడాలట. రిజిస్ట్రేషను తన పేరున చేయించుకుని, ఆర్నెల్లు పోయాక నాకు రాసిస్తాడట. వాడిమీద నాకు నమ్మకం ఉంది. ఇప్పటికీ ఉంది. సరేనని వెళ్లాను.

చెంచురామయ్యగారు మర్యాదగానే చూశాడు. ఇద్దరికీ మజ్జిగ ఇప్పించాడు. వెంట ఉండి గదులన్నీ చూపించాడు. నేను గోడలు తట్టి చూస్తుంటే నడి ఇంట్లో ఆగి, యలమందయ్యతో అన్నాడు:

"ఇది పీరు మేస్త్రీ చేతి పనండీ. ముప్పై రెండేళ్లయింది. వెంట్రుకంత చీలిక చూపించండి, ఇల్లు ఊరికే ఇస్తాను. అలాంటి పనివాడు ఈ జిల్లాలో మళ్లీ పుట్టడు."

నాయన పోయి పదకొండేళ్లయింది. ఆయన్ని అంత గొప్పగా తలుచుకున్న మనిషిని ఇన్నేళ్లలో నేను చూడలేదు. ఆ మాట అన్న నోటితోనే ఆయన మళ్లీ, "మొన్న ఎవరో సాయిబు అడిగించాడు. ఇల్లు కట్టడం వేరు, ఇంట్లో ఉండటం వేరు గదండీ" అన్నాడు. యలమందయ్య తల వంచుకున్నాడు.

అప్పుడు ఆయన నావైపు తిరిగాడు. "నీ పేరేంటి మేస్త్రీ?"

"సుబ్బయ్యండి" అన్నాను.

"పీరు మేస్త్రీని ఎరుగుదువా?"

"వినడమేనండీ. చూడలేదు."

అమ్మా, ఇదీ నేను నీ దగ్గర దాచింది. నన్నెవరూ బెదిరించలేదు. అలా చెప్పమని యలమందయ్య కూడా అనలేదు. ఇల్లు చెయ్యి జారిపోతుందన్న భయంతో నా అంతట నేనే అన్నాను. నాయన రుద్దిన గచ్చు మీద నిలబడి, నాయన్ని చూడలేదన్నాను.

వీధిలోకి వచ్చాక యలమందయ్య, గురువారం బయానా ఇచ్చేస్తానన్నాడు. నా మొహం చూసి, "నీకు కావాల్సింది ఇల్లా, ఆయన మర్యాదారా?" అని అడిగాడు. మర్నాడు పోయి, నాకు ఇల్లొద్దని చెప్పాను. వాడు మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ వద్దన్నాను. మాట ఇచ్చేశాను గనక నేనే తీసుకుంటా, తప్పు పట్టుకోవద్దన్నాడు. పోయిన సోమవారం వాడి పేరున రిజిస్ట్రేషను అయిపోయింది. ముందు వసారా మూసేసి మిర్చి బస్తాలకు కొట్టుగది కట్టాలట, ఆ పనికి నన్నే రమ్మన్నాడు. వేరే మేస్త్రీని చూసుకోమన్నాను. వాడి తప్పు రవ్వంత లేదు. అయినా వాడి మొహం చూడబుద్ధి కావడం లేదు.

నిన్న చెంచురామయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన సామాను కట్టిస్తున్నాడు. నేను సుబ్బయ్యను కాను, పీరు మేస్త్రీ కొడుకునండీ అని చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. పోలికలు వెతికాడనుకుంటాను.

"ఆ రోజే చెప్పాల్సింది గదయ్యా" అన్నాడు.

"చెబితే ఇల్లిచ్చేవారాండీ?"

"ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు ఆయన. దాచకుండా చెప్పాడు, అంతవరకు నయం. "కానీ మీ నాయన గురించి నీతో ఇంకో రెండు మాటలు మాట్లాడేవాణ్ణి."

ఇప్పుడు చెప్పండని అడగాలనిపించింది. అడిగే మొహం లేక వచ్చేశాను. ఆ రెండు మాటలేమిటో ఇక నాకు తెలియదు.

చెల్లెలు లేచి తిరుగుతుంటే ఆదివారం బండికి వచ్చి నిన్ను తీసుకొస్తాను. పాత గుంటూరులో ఈ అద్దె ఇంటికేనమ్మా. దారిలో నువ్వేం తిట్టినా పడతాను. ఏమీ అనకుండా మాత్రం కూర్చోవద్దు.

ఇట్లు,
పీరు మేస్త్రీ కొడుకు,
నీ జాన్ బాషా