ఎదురు మెట్ల మీద బావ

శనివారం రాత్రి, రాయచూరు

బావ బతికే ఉన్నాడు.

నిన్న బెంగళూరులో ట్రైనింగ్ ముగించుకుని, మెజెస్టిక్‌లో భూమి లోపలున్న మెట్రో స్టేషన్‌లో రైలు మారుతున్నాను. నేను ఎస్కలేటర్ మీద కిందికి దిగుతుంటే, పక్క ఎస్కలేటర్ మీద పైకొస్తున్న జనంలో ఆయన కనిపించాడు. బక్కచిక్కాడు, గడ్డం పెంచాడు. అయినా ఆయనే.

"బావా!" అని అరిచాను.

తలెత్తి చూశాడు. ముఖం పాలిపోయింది. నా పక్కకు రాగానే, "మీ అక్కకు చెప్పకు పద్మా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. నేను కిందికి దిగి మళ్లీ పైకి పరుగెత్తేసరికి అన్ని వైపులా జనమే. ఆయన లేడు.

మూడేళ్ల కిందట వరదప్పుడు దేవసూగూరులో కృష్ణ ఒడ్డున ఆయన చొక్కా, చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు. ఏట్లో కొట్టుకుపోయాడనే అందరం ఏడ్చాం. అక్క బొట్టు తీసేసింది. మరి ఆ చెప్పులు ఆయనే విడిచి పెట్టి వెళ్లాడా? ఇంట్లో ఒక్క గొడవైనా లేదే. ఎందుకు...

పొద్దున ఇల్లు చేరినప్పటి నుంచి అక్క ముఖం చూడలేకపోతున్నాను. రేపు బావ సంవత్సరీకం. ఇందాక వంటింట్లోంచి పిలిచింది.

"పద్మా, మీ బావకు భక్షాలంటే పానం గదా. రేపు ఆకుల రెండు ఎక్కువ పెడదమా?"

చెప్పేద్దామనే లేచి వెళ్లాను. పప్పు కడుగుతూ నా వైపు చూసి నవ్వింది.

"పెడదామక్కా" అన్నాను.