మెషిన్ని ఇప్పుడే బాగుచెయ్యకు

బట్టలుతికే మెషిన్లు బాగుచేసే బాబుకి,

రేపు నువ్వు రాబోయే ఇంట్లోని అమ్మమ్మ రాసి, ముందుగా నీ కొట్టుకి పంపే చీటీ ఇది. కోప్పడకు. ఆ మెషిన్‌కి ఏ రోగమూ లేదు. వెనకున్న నీళ్ళ కుళాయి నేనే కట్టేశాను. మా అల్లుడు అక్కడ తొంగిచూసే రకం కాదు.

ఇద్దరు పిల్లలు పుట్టాక మా అమ్మాయీ అతనూ "పాలు కలిపావా?", "ఇప్పుడు నీ వంతు" తప్ప మాట్లాడుకోవడం మానేశారు. ఒకరోజు అమ్మాయి, "మనం మొగుడూ పెళ్ళాలమా, డ్యూటీ మారే వాచ్‌మన్లమా?" అంది. అతను నవ్వనైనా నవ్వలేదు. మర్నాడే వెళ్ళి ఆ కుళాయి కట్టేశాను.

మెషిన్ ఆగినప్పటి నుంచీ ప్రతి శనివారం పిల్లల్ని నాకప్పజెప్పి, ఇద్దరూ మూట పట్టుకుని, డబ్బులిచ్చి మనమే మెషిన్లో ఉతుక్కునే వీధి చివరి లాండ్రీకి వెళ్తున్నారు. బట్టలు తిరిగే గంటసేపూ బెంచీ మీద పక్కపక్కన కూర్చోవాలి కదా! పోట్లాడుకుంటారేమోనని భయపడ్డాను. మొదటివారం పోట్లాడుకున్నారు కూడా. ఇప్పుడు వాళ్ళ నవ్వులు మెట్ల మీంచే వినబడుతున్నాయి.

అందుకని, ఏదో సామాను దొరకడం లేదు, రెండు నెలలు పడుతుందని చెప్పు. ఆ అబద్ధం పాపం నాకే తగలనీ. ఇది చదివి చింపెయ్యి.

ఇంకోమాట. నిన్న ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చారు, మూట లాండ్రీలోనే మర్చిపోయి. వచ్చేటప్పుడు అది తెచ్చి నా చేతికే ఇవ్వు. వాళ్ళకింకా గుర్తురాలేదు. నేనూ గుర్తుచెయ్యదలుచుకోలేదు.