కనానీయులం మనమే

ఒరేయ్ దానియేలూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మిరపకోతలు అయిపోవడంతో ఆదివారం చర్చి నిండింది. నిన్నగాక మొన్న వచ్చిన పాస్టరు యెరికో కోట కూలిన కథ చెప్పాడు. కనానీయులు పాపులట, అందుకే దేవుడు వాళ్ల నేల తీసి తనవాళ్లైన ఇశ్రాయేలీయులకిచ్చాడట. మన ఎరుకల తాతల్ని పుట్టుదొంగలని సెటిల్‌మెంటు అనే కాపలా ఊళ్లో పెట్టి, పూటపూటా హాజరు వేసిన తెల్లదొర వాళ్లకి చదివి వినిపించిందీ ఆ కథే.

నేను లేచి, నువ్వు బతికుండగా ప్రతి పాస్టరునీ అడిగిన మాటే అడిగాను. "అయ్యగారూ, ఆ కనానీయులం మనమే కదండీ" అన్నాను.

"కూర్చోండి తాతగారూ, మనం ఇశ్రాయేలీయులం" అన్నాడు.

అంతా ఆమెన్ అన్నారు, నీ కొడుకు అందరికంటే గట్టిగా. బయట వాడే నా చెయ్యి పట్టుకుని, "పెద్దయ్యా, నాన్న పోయాడుగా. ఇంకా ఎవరి కోసం ఈ గొడవ?" అన్నాడు.

నీ కోసం కాదురా, నా కోసమే అడిగాను. అది వినడానికి వాడు ఆగలేదు.