గట్టు పక్క నాలుగు ఖాళీలు

హాలియా,
గురువారం పొద్దున.

ప్రియమైన కరుణక్కకు,

నీ తమ్ముడు ప్రభాకర్ దండాలు. నువ్వు, బావ, చిన్ని ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. పెద్దమ్మ మోకాలు నొప్పి తగ్గిందో లేదో రాయి. నేను బాగానే ఉన్నాను. రెండు పూటలా తింటున్నాను, జ్వరం గిరం ఏమీ లేదు, దిగులు పడకు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడేమో. ఫోన్‌లో నాకు మాట కంటే ముందు కోపం వస్తుంది. ఈ సంగతి కోపం లేకుండా చెప్పాలి, అందుకని రాస్తున్నాను.

మోతె నుంచి సూర్యాపేట, అక్కడి నుంచి మిర్యాలగూడ, మళ్ళీ హాలియా. మూడు బస్సులు మారి వచ్చి మూడు నెలలు దాటింది. ఇక్కడ ఎటు చూసినా కాలువ నీళ్ళు, వరి. మన దగ్గర బోరు వైపు చూస్తూ కూర్చునే వాళ్ళకు ఇది వేరే దేశంలాగే ఉంటుంది. కిరాయి గదిలో నేనే వండుకుంటున్నాను. పచ్చిపులుసు చేస్తే నీ చేతి రుచి రాలేదు. ఆదివారం మీరు చర్చికి పోయే వేళకు గదిలో ఒక్కణ్ణే కూలీల హక్కుల మీది నా చిన్న పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటాను. ఆ ఒక్క పూటే కాస్త బరువుగా ఉంటుంది. మిగతా రోజులు పనిలో పడిపోతాను, దిగులు పడకు.

నేను పని చేసేది ఒక విత్తనాల పరిశోధన పొలంలో. పోయినేడు మన మడిని మాడ్చేసిన దోమపోటు లేదూ, దాన్ని తట్టుకునే గుణం వరి జన్యువుల్లో ఏ చోట ఉందో ఇక్కడ వెతుకుతున్నారు. దోమకు లొంగని పాత వరినీ బాగా పండే కొత్త వరినీ కలిపి, వాటి మనవలనదగ్గ మొక్కలు నాటారు. ఇరవై వరసలు, వరసకు ఇరవై మొక్కలు. అన్నదమ్ముల్లాగా ఏ రెండూ ఒక్క తీరుగా ఉండవు. దోమను వదిలి, ఏది బతికిందో ఏది మాడిందో రాసుకుని, ఆకులో ఉన్న జన్యువులతో సరిచూస్తే ఆ గుణం ఉన్న చోటు పటంలో ఊరు దొరికినట్టు దొరుకుతుందట. ఇది నడిపేది స్వాతి మేడం. కోదాడ ఆవిడ, లెక్కలు చదివి ఈ పనిలోకి వచ్చింది.

దోమను వదలకముందే గొడవ మొదలైంది. అన్ని మొక్కల ఆకులూ కలిపి పరీక్షకు పంపితే, తల్లి వరిలోనూ తండ్రి వరిలోనూ లేని గుర్తు ఒకటి కనబడింది. అంటే పరాయి మొక్కలు మడిలో దూరాయన్నమాట. పొలం ఇన్‌ఛార్జి సారు ఒక్క క్షణం ఆలోచించలేదు. నాట్లప్పుడు ఆడవాళ్ళు ముచ్చట్లలో పడి నారు కట్టలు కలిపేశారని, నాట్లేసిన నాగమ్మ ముఠా పన్నెండు మందికీ ఇక పని లేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అందరి ముందూ అడిగేశాను.

"కూలోళ్ళంటే అంత అలుసా సార్? సాక్ష్యం లేకుంట పని ఎట్ల ఆపుతరు?"

మేడం నా వైపు చూసింది. "అరవకు ప్రభాకర్. నువ్వడిగిన సాక్ష్యం నేను తీస్తాను."

నాలుగు వందల మొక్కలను విడివిడిగా పరీక్షించాలంటే ఈ పంట కాలమే సరిపోదు. ఆమె కాగితం మీద గళ్ళు గీసింది. ప్రతి మొక్క ఆకునూ రెండు ముక్కలు చేయాలి. ఒకటి అడ్డ వరస పొట్లంలోకి, ఒకటి నిలువు వరస పొట్లంలోకి. మొత్తం నలభై పొట్లాలు, నలభై పరీక్షలు. ఏ అడ్డ వరసలో, ఏ నిలువు వరసలో ఆ గుర్తు కనబడితే, అవి కలిసే గడిలో చూడాలి. రెండు రోజులు ఆ ఆకులన్నీ నేనే కత్తిరించాను. ఆడవాళ్ళ కోసం చేస్తున్నానని ఎంత గర్వమో.

ఫలితం వచ్చింది. అడ్డ వరసల్లో నాలుగింటిలో గుర్తు ఉంది. నిలువు వరసల్లో ఒక్కదాంట్లోనే, గట్టును ఆనుకున్న మొదటి దాంట్లోనే ఉంది. అంటే నాలుగే మొక్కలు, నాలుగూ గట్టు పక్కనే. కట్టలు కలిసి ఉంటే మడంతా చెదిరి ఉండేవని, ఇది నాట్లప్పుడు జరిగింది కాదని, తర్వాత ఎవరో గట్టు మీద నుంచే పెట్టారని మేడం చెప్పింది.

అక్కా, ఆ పెట్టింది నేనే. నాట్లయిన పది రోజులకు గట్టు బొక్కల్లోని ఎండ్రకాయలు నాలుగు మొక్కలు కొరికేశాయి. నీళ్ళు కట్టడానికి పోయి చూశాను. పక్క మడిలో వేసిన మామూలు వరి నారు మిగిలి ఉంటే నాలుగు పోచలు తీసి గుచ్చాను. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. పదేళ్ళ వయసు నుంచి నీ వెనక గుప్పెడు నారు పట్టుకుని తిరిగినవాణ్ణి కదా. "ఖాళీ ఉంచితే కలుపు మొలుస్తదిరా" అని నువ్వంటుంటే పూడ్చుకుంటూ వచ్చినవాణ్ణి. నీ మీద నెపం పెట్టడం లేదు. మన మడిలో అది మంచి పనే. ఇక్కడ చచ్చిన మొక్క కూడా ఒక జవాబేనని నాకు తెలియలేదు.

ఆ పూట నోరు విప్పలేదు. చిన్న పుస్తకాల్లో ఎర్ర సిరాతో గీతలు గీసుకున్న మాటలన్నీ అప్పటిదాకా ఎదుటివాళ్ళను నిలదీయడానికే చదివానని గదిలో కూర్చుంటే తెలిసింది. మర్నాడు పొద్దున పని సంగతి అడగడానికి ఆడవాళ్ళు గేటు దగ్గరికి వచ్చారు. సారు, మేడం కూడా ఉన్నారు. అందరి ముందూ చెప్పేశాను.

నాగమ్మ ముందుకొచ్చింది. "మా కోసం కొట్లాడుతున్నవని నా సద్దిల సగం నీకే పెట్టిన గదరా. నీ తప్పు మీదనే కొట్లాడినవా?"

వెనక నుంచి ఒకామె, "ఇగ ఊకో వదినా, ఒప్పుకున్నడు గద" అంది.

"ఒప్పుకున్నడు. మేం పని లేకుంట ఇండ్లల్ల కూసున్నంక."

ఆ మాట అనేసి నాగమ్మ సారు వైపు తిరిగింది.

వాళ్ళందరినీ అదే రోజు పనిలోకి తీసుకున్నారు. సారు నన్ను సామాను సర్దుకోమన్నాడు. మేడం ఆపింది, కోతల దాకా ఉండనిచ్చారు. కానీ మడిలో దిగకూడదు. గట్టు మీది పని, ఆకుల పొట్లాల పని, అంతే. ఆ నాలుగు మొక్కలూ పీకించి, పుస్తకంలో నాలుగు గళ్ళలో ఖాళీ అని రాసి నాతో సంతకం పెట్టించింది. ఖాళీని ఖాళీ అని రాస్తే మిగతా మొక్కలతో లెక్క నడుస్తుందట, నింపి దాచిపెడితేనే అబద్ధం చెబుతుందట.

బావకు ఒక మాట చెప్పు. పోయినేడు మడి మాడినప్పుడు, మందు కొట్టడానికి బద్ధకించావని నలుగురిలో తన మీద అరిచి వచ్చేశాను. అప్పుడూ నేను ఏదీ సరిచూడలేదు. నన్ను మన్నించమను. నేనొచ్చి ఎదురుగా కూడా చెబుతాను.

ఇంకో చిన్న పని. మాడిన మడిలో మోటారు దగ్గర నాలుగైదు దుబ్బులు పచ్చగా నిలబడ్డాయి, గుర్తుందా? వాటి గింజలు విడిగా కట్టి పెట్టి ఉంటే ఒక గుప్పెడు పంపు, మేడం చూస్తానంది. మిగతా వడ్లలో కలిసిపోయి ఉంటే కలిసిపోయాయనే రాయి. వేరేవి పెట్టి పంపకు.

పెద్దమ్మకు నా దండాలు, చిన్నికి ముద్దులు. ఆదివారం ప్రార్థనలో నా పేరు తలచుకో. నాకు నమ్మకం లేదని మానకు. నాగమ్మ పేరు కూడా తలచుకో.

రోజూ పొద్దున ఆ గట్టు మీదుగానే పోతాను. ఆ నాలుగు చోట్లా నీళ్ళు ఖాళీగా మెరుస్తుంటాయి. చేయి దానంతట అదే ముందుకు పోతుంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దాటిపోతున్నాను.

నీ తమ్ముడు,
ప్రభాకర్