కుడి నుంచి నాలుగో మొక్క

ఫిబ్రవరి 18, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

నాలుగేళ్ళుగా పలకని అక్క ముందు ఆశీర్వదించి, ఆనక కాస్త సిగ్గుపడుతూ రాస్తున్నది. నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నువ్వూ మరదలూ కులాసా అని తలుస్తాను. రంగుల కొట్లో ఉద్యోగం నీకు బాగానే కుదిరిందని విన్నాను.

నిన్నటి నుంచి నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదురా. కాడకొక్క పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ గులాబీలు పెంచేవాళ్ళ సంఘం సభలో మన నర్సరీ పసుపు గులాబీ 'పసిమి'ని ఈ ఏటి మేటి పువ్వన్నారు. రెండేళ్ళ క్రితం ఇరవైమందికి మొక్కలు పంపితే పెదవి విరిచింది వీళ్ళే. పసుపురకం ఎండకి వెలిసిపోతుంది, మెడ వాల్చేస్తుంది, ఆకుకి నల్లమచ్చ తెగులు తప్పదు అన్నారు. మనం ముళ్ళపంది అని పేరు పెట్టిన పెద్దమనిషి గుర్తున్నాడా? ఇంకో పసుపా, వంటింట్లో ఉన్నది చాలదా అని కార్డు రాశాడు. నిన్న ఆయనే లేచి, వారం రోజులు జాడీలో ఉంచినా రంగు దిగలేదనీ, కాడ కర్రలా నిలబడిందనీ, తోటలో సగం దానికే ఇచ్చేశాననీ చెప్పాడు.

అంతలో బొకేలు కట్టే ఆవిడ ఒకరు, మొక్కతో పంపిన చీటీలో నిమ్మవాసన అని వేశారు, ఒక్క పువ్వుకీ వాసన లేదే, నా ముక్కు గానీ చెడిందా అని అడిగింది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఒక పువ్వందుకుని వాసన చూశాను, లేతాకు తిప్పి చూశాను. మనిద్దరం చెరో పసుపురకం పుట్టించాం కదా, నిమ్మవాసనది నాది; లేతాకుకి ఎర్రంచు ఉండి, వాసనలేని పసుపు గులాబీ నాది కాదు, నీది. వాసన లేనిది కూడా ఒక పువ్వేనా, పీకి పారెయ్ అని నలుగురి ముందూ నేనన్నదే. ఆ మాటకే కదూ నువ్వు కత్తెర బల్లమీద పెట్టి వెళ్ళిపోయావు!

ఇంటికొచ్చి నీ పాత నోటుపుస్తకం తీశాను. 'రెండో వరస, నాలుగో మొక్క, అక్కది' అని ఉంది. ఎడమచేతివాటం వాడివి, వరసని ఎప్పుడూ కుడి చివర నుంచే లెక్కపెడతావు. మన నర్సరీలో అంట్లు కట్టే అంటు తాత ఆ పుస్తకం చూసి, అందరిలాగే ఎడమ నుంచి లెక్కపెట్టాడు. నాదనుకుని, నువ్వు పీకకుండా వదిలేసిన నీ మొక్క నుంచి అంటు కట్టడానికి కొమ్మ కణుపుల కళ్ళు తీశాడు. ఇరవై తోటల్లో పూస్తున్నది నీ పువ్వేరా.

వచ్చే నెల సంఘం రిజిస్టరులో, రకం పుట్టించినవారు అన్న గడిలో నా పేరు ఎక్కుతుంది. ఒకసారి ఎక్కితే ఇక మార్చరు. ముసలాయన పొరపాటుకి ఆయన్ని ఏమనగలం? ఏం చెయ్యమంటావో రాయి.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఉత్తరం మడిచి, బయటికెళ్ళొచ్చి, మళ్ళీ విప్పాను. పైన అబద్ధం రాశాను. నిన్న తెలియడమేమిటి, మొక్కలు పెట్టెల్లో సర్దకముందే నాకు తెలుసు. మొదటి అంటు పూసిన రోజే తాత ఆ పువ్వు పట్టుకొచ్చి, లెక్క తప్పానమ్మా, ఇది అబ్బాయిగారిది అన్నాడు. చీటీలు అచ్చయిపోయాయి, నోరు మూసుకో అన్నాను. మూసుకున్నాడు. నిన్న సభకి నీ పేరు ఎవరెత్తుతారోనని భయపడుతూ వెళ్ళాను. ఒక్కరూ ఎత్తలేదు. చప్పట్లు మోగుతుంటే లేచి, చేతులు జోడించి, నలువైపులా తిరిగి దణ్ణం పెట్టాను. అప్పుడు నాకు సిగ్గెయ్యలేదురా. సంతోషమేసింది. ఇలాంటి మనిషినా నేను అని అప్పట్నుంచీ నన్ను చూసి నేనే బిత్తరపోతున్నాను. నీ జవాబు కోసం ఆగితే మళ్ళీ మనసు మారుతుందని, ఇందాకే సంఘం కార్యదర్శి ఇంటికెళ్ళి అంతా చెప్పి, ఆ గడిలో నీ పేరు రాయించాను. ఆయన పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకున్నాడు. నన్ను కూర్చోమనలేదు.