నీ గది ఖాళీ చేశాను

అన్నయ్యా,

మానేసి మూడు నెలలైందనీ, ఇప్పుడు మత్తు సూది తలపుకే రావడం లేదనీ డీఅడిక్షన్ కేంద్రం నుంచి రాశావు. అమ్మ ఆ ఉత్తరాన్ని పక్కింటావిడకు కూడా చదివి వినిపించింది. నేను సంతోషించలేకపోయాను.

మా ప్రయోగశాలలో నేను చూసుకునేది ఎలుకల్ని. మత్తుకు అలవాటుపడ్డ ఎలుకకు అది ఆపేసి, నెల తర్వాత పాత పంజరంలోనే వదిలితే, ఆపిన మర్నాటికంటే ఎక్కువసార్లు మత్తు వచ్చే మీటను నొక్కుతుంది. ఆ నెలంతా దాని మెదడులో ఒక ప్రోటీన్ పెరుగుతూనే ఉంటుంది. మెదడు కణాల్ని పెంచే ప్రోటీన్ అది. నేను చదివింది నాకు గుర్తుండేది దానివల్లే. నిన్ను సూదిని మరవనివ్వనిదీ అదే. ఒక తల్లి పిల్లలమే కదా.

అమ్మకు చెప్పి చూశాను. "నా కొడుకు నీ కంటికి ఎలుకలా కనబడుతున్నాడా?" అంది.

అందుకే చెప్పకుండా నీ గది ఖాళీ చేశాను. మంచం, అద్దం, కర్టెన్లు ఇచ్చేశాను. గోడల రంగు మార్పించాను. సాయంత్రం అమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "వాడు బతికే ఉన్నాడే. అప్పుడే ఆనవాళ్లు చెరిపేస్తున్నావా? నీది గుండెనా, బండనా?" అంది.

ఆదివారం నేనే అక్కడికి వచ్చి నిన్ను ఇంటికి తీసుకొస్తాను. ఇంట్లో నీదంటూ ఏదీ కనబడదు. కోపం వస్తే రానీ, వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లిపో. పోయినసారి ఆ గది తలుపు పగలగొట్టించి, నీలం తిరిగిన నీ పెదవులు చూసింది నేను. కోపంతో వెళ్లిపోయిన అన్నయ్యనైతే ఎక్కడున్నా వెతుక్కోగలను.

నీ చెల్లి