నీ పేరు చెక్కిన గ్లాసులు

సుజాతా,

ఈరోజు తెనాలిలో, మనింట్లోనే, పాప ఓణీల ఫంక్షన్ జరిగింది. కాలువలో ప్లాస్టిక్ గ్లాసులు తేలడం చూడలేక, వీధిలో ఎవరి శుభకార్యానికైనా ఇవ్వడానికని నువ్వు కొని, పేరు చెక్కించిన స్టీలు గ్లాసులు నీ తరువాత అటక దిగలేదు. నిన్న పాపే వాటిని దించి తోమింది.

వంటాయన మాత్రం ప్లాస్టిక్ గ్లాసులే తెచ్చాడు.

“స్టీలువైతే ఎవరు కడుగుతారమ్మా?” అన్నాడు.

“మేం కడుక్కుంటాం బాబాయ్. అవి వెనక్కి పట్టుకెళ్లండి,” అంది పాప.

రేపల్లె నుంచి వచ్చిన మీ అమ్మగారు కొంగు దోపుకున్నారు. “పట్టు పరికిణీ తడుస్తుంది, నువ్వెళ్లి కూర్చోవే! నేను కడుగుతాగా!”

భోజనాల్లో నీళ్లు తాగిన ప్రతి ఒక్కరూ నీ పేరు చూశారు. ఎదురింటావిడ తమ గృహప్రవేశానికి ఆ గ్లాసులు అడిగింది. “తీసుకెళ్లండి పిన్నీ,” అంది పాప, నా వైపు చూడకుండానే.

అవి ఇక అటక ఎక్కవు.